మున్సిపాలిటీకి పాత ఇళ్ల కమిటీ కావాలా, వద్దా?

గడియారం గంట:
మా వీధి మూలకు ఒక పాత భవంతి ఉండేది. ఊరి పేరెందుకు గానీ, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోదే. పోయిన శనివారం పొద్దున ఆరింటికి జేసీబీ వచ్చింది, పది దాటేసరికి ముందుగోడ లేదు. రెండడుగుల మందం డంగు సున్నం గోడ ఒక పట్టాన పడలేదు, బకెట్ పళ్లు జారుతుంటే డ్రైవర్ దిగి బీడీ ముట్టించుకుని మళ్లీ ఎక్కాడు. టేకు దూలాలు ముందు రోజే బేరమై లారీ ఎక్కాయి. దర్వాజ మీద చెక్కిన చిలుకల జత ఒకటి ఉండేది, అదెవరింటికి పోయిందో.

వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం, కాదనను. కూల్చేముందు ఊరి తరఫున ఒక్క మనిషైనా వచ్చి చూడాలా వద్దా అన్నదే నా ప్రశ్న. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమంటే పురావస్తు శాఖ గుర్తొస్తుంది. మరి ఇళ్లకు, దిగుడు బావులకు, పాత బజారు దుకాణాలకు ఎవరున్నారు? 2017 వారసత్వ చట్టంలో కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ అని ఉంది. కానీ ఇల్లు కూలేది కలెక్టరేట్‌లో కాదు, వార్డులో. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు 18 పనులు రాశారు, సాంస్కృతిక, సౌందర్య అంశాలను పెంపొందించడం అందులో ఒకటి. మనవాళ్లు దాన్ని బతుకమ్మ లైట్లతో, డివైడర్ మీద మొక్కలతో సరిపెట్టేశారు.

ఐదారుగురితో మున్సిపాలిటీలోనే ఒక కమిటీ పెట్టాలంటాను. ఒక ఇంజినీరు, ఒక చరిత్ర లెక్చరర్, సున్నం పని తెలిసిన మేస్త్రీ, పాత ఇళ్లున్నవాళ్లు ఇద్దరు. ముందు జాబితా రాయాలి, జాబితాలో ఉన్న ఇల్లు కూల్చాలంటే 90 రోజులు ఆగాలి. తిట్టేవాళ్లు తిట్టండి.

గూన పెంకు:
తిట్టను కానీ అన్నా, జర ఆ ఇంట్లో ఉండి చూడు. మాది అట్లాంటి ఇల్లే. కోతుల మంద ఒక్కసారి పైకప్పు మీద నుంచి ఉరికిందంటే నలభై పెంకులు పోయినట్టే, వానాకాలమంతా అర్రలో మూడు బకెట్లు పెట్టుకుని పడుకుంటాం. గూన పెంకులు కొత్తవి దొరకవు, కూల్చిన ఇళ్ల దగ్గరే కొనుక్కోవాలి, అంటే ఇంకొకరిల్లు పడితేనే మా ఇల్లు నిలబడుతుంది, చూశావా కథ. కప్పేవాళ్లు మా దగ్గర ఇద్దరే మిగిలారు, ఒకాయన మోకాళ్ల నొప్పులతో ఎక్కలేనంటున్నాడు. నాన్న వాళ్లు నలుగురన్నదమ్ములు, ముగ్గురు హైదరాబాదులో ఉన్నారు, వాటా తెమిలితే చాలని చూస్తున్నారు. రేపు నీ కమిటీ వచ్చి 90 రోజులు ఆగమంటే ఆ బకెట్లు ఎవరు ఎత్తిపోస్తారు?

తుంగభద్ర ఒడ్డు:
అలంపూర్ నుంచి. నవబ్రహ్మ ఆలయాల చుట్టూ బతుకు ఎట్లుంటదో మమ్మల్ని అడగండి. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త గది వేయడానికి లేదు, మరమ్మతుకూ అనుమతి కావాలి, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు కూడా అనుమతి మీదే కట్టాలి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ పుణ్యం. గుళ్లంటే మాకూ ప్రాణమే, చాళుక్యుల నాటివి. కానీ బావమరిది పెళ్లికి మేడ మీద గది వేసుకుందామంటే ఢిల్లీ మాట వినాల్సి రావడం ఎంత చికాకో మీకు తెలియదు. ఉన్నవి చాలక ఇంకో కమిటీయా?

డల్లాస్‌లో దామరచర్ల:
తుంగభద్ర అన్నా, ఢిల్లీ ఒకటి, వార్డు ఒకటి. ఇక్కడ అమెరికాలో పాత కట్టడాలు చూసే ఇలాంటి కమిటీని కమిషన్ అంటారు, చాలా ఊళ్లలో అది నగరపాలక సంస్థలో భాగం, దరఖాస్తు చేసినవాడు సభ్యుల ఎదుట కూర్చుని మాట్లాడతాడు, పక్కింటాయన కూడా లేచి నాలుగు మాటలనొచ్చు. ఎక్కువ చోట్ల ఇంటి బయటి రూపమే చూస్తారు, లోపల నీ వంటగది ఎట్లా మార్చుకున్నా పట్టించుకోరు. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్ కూల్చడం 1963లో మొదలైంది, జనం గగ్గోలు పెట్టాక 1965లో కమిషన్ చట్టం వచ్చింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కడతామని యజమానులు సుప్రీంకోర్టు దాకా పోతే 1978లో నగరమే గెలిచింది. అయితే వాళ్లను ఉత్త చేతులతో పంపలేదు, అక్కడ కట్టలేని అంతస్తుల హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు మార్చుకునే వీలుంది. ఇక్కడ కూడా తలనొప్పులున్నాయి లెండి, కిటికీ మార్చడానికి నెలల తరబడి తిరిగినవాళ్లున్నారు.

సైట్ ఇంజినీర్:
ఆ హక్కునే మన దగ్గర టీడీఆర్ అంటారు. హైదరాబాదులో టవర్లు లేస్తాయి కాబట్టి కొనేవాడుంటాడు. మన ఊళ్లో జీ ప్లస్ టూ కట్టేవాడు ఆ కాగితం కొని ఏం చేసుకుంటాడు? ఇంకో మాట. 2020లో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్-బీపాస్ వచ్చింది, 75 గజాల లోపు ప్లాటుకు రిజిస్ట్రేషన్ చాలు, 500 చదరపు మీటర్ల దాకా సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే అనుమతి. అది మంచికే వచ్చింది, ఆఫీసుల చుట్టూ తిరిగే పీడ తగ్గింది. మళ్లీ ఒక కమిటీ సంతకం పెడితే ఆ సంతకానికీ రేటు వస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ఊరికే అనట్లేదు.

గడియారం గంట:
రేటు మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. విచారణ అందరి ముందూ జరిగితే కొంత తగ్గుతుందనుకుంటా, అంతే. కానీ కమిటీ లేకపోతే మిగిలేది కోర్టే కదా. హైదరాబాదులో వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు. ఆ తర్వాత ఎర్రమంజిల్ ప్యాలెస్ స్థలంలో అసెంబ్లీ కడతామన్నారు, 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆపితే గానీ ఆగలేదు. ప్యాలెస్‌కు లాయర్లు దొరుకుతారు, మా వీధి భవంతికి ఎవరు పోతారు?

వాడకంలో ఉంటే కట్టడం నిలుస్తుంది, మన పాలమూరే సాక్ష్యం. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచింది, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ పెట్టారు. తమ్ముడూ గూన పెంకూ, నీ బాధ చదివాక ఒకటి మార్చుకుంటున్నా: కమిటీకి ఆపే అధికారం ఇచ్చే ముందు మరమ్మతుకు డబ్బు ఇవ్వాలి, కనీసం ఆస్తి పన్ను మాఫీ చేయాలి. పైసా ఇవ్వకుండా ఆగమంటే నేనూ ఒప్పుకోను.

తుంగభద్ర ఒడ్డు:
పన్ను మాఫీ అంటున్నావు, మున్సిపాలిటీకి జీతాలకే కటకట.

గడియారం గంట:
అందుకే జాబితా చిన్నగా ఉండాలి, ఊరికి ముప్పై నలభై. పాతదల్లా కాపాడాలని నేననలేదు.

గూన పెంకు:
సరే, నాన్నతో మాట్లాడా. వెనక భాగం పడగొట్టి స్లాబ్ వేయడం ఖాయం, అందులో మార్పు లేదు. ముందు దర్వాజ, రెండు అరుగులు ఉంచడానికి ఒప్పుకున్నాడు, అదీ దర్వాజకు చెద లేకపోతేనే. సైట్ ఇంజినీర్ సార్, ఆదివారం వీలైతే వచ్చి దూలాలు చూడండి. గడియారం అన్నా, నువ్వు ఫొటోలు తీసుకో. చేతిలో కర్ర ఒకటి తెచ్చుకోండి, కోతులు కొత్తవాళ్లను ఊరుకోవు.