పాత క్యాసెట్ వీడియో గేమ్‌ని ఎల్‌ఈడీ టీవీకి కలపడం, పత్రికలతో వచ్చిన గేమ్ సీడీలను కాపాడుకోవడం ఎలా? (మారుపేర్లతో సాగిన సంభాషణ ఇది. ప్రతి మాట ముందూ ఉన్నది చెప్పినవారి మారుపేరు.)

తొమ్మిది పిన్నులు: 90ల నాటి వీడియో గేమ్ అటక మీంచి దించాం. పసుపు క్యాసెట్లు, 9 పిన్నుల జాయ్‌స్టిక్‌లు రెండు, ఒక గన్ ఉన్నాయి. అడాప్టర్ కనిపించలేదు. మొబైల్ చార్జర్ వైరు కోసి కలిపితే నడుస్తుందా? టీవీకి మూడు రంగుల సాకెట్లు లేవు, AV (ఏవీ) అని రాసిన చిన్న రంధ్రం ఒకటే ఉంది. అదే పెట్టెలో డిజిట్ అనే టెక్నాలజీ పత్రికలు, వాటితో వచ్చిన సీడీలు కూడా ఉన్నాయి. వాటినేం చేయాలో కూడా చెప్పండి.

సోల్డరింగ్ ఐరన్: మొబైల్ చార్జర్ జోలికి వెళ్లకండి. ఈ సెట్లలో ఎక్కువ వాటికి లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ (వోల్టేజీని 5 దగ్గర నిలిపే చిప్) ఉంటుంది. అది 5 వోల్టులు ఇవ్వాలంటే దానికి కనీసం 7 వోల్టులు అందాలి. చార్జర్ ఇచ్చే 5 వోల్టులే అందితే బయటికి మూడున్నర దాకానే వస్తుంది. లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు.

9 వోల్టుల డీసీ, 500 మిల్లీ ఆంపియర్ల అడాప్టర్ తీసుకోండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. 12 వోల్టులది పెట్టినా ఆడుతుంది గానీ 7805 బాగా వేడెక్కుతుంది. సెట్టు 300 మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుంటే, 9 వోల్టులప్పుడు వేడిగా పోయేది 1.2 వాట్లు, 12 అయితే 2.1 వాట్లు.

అసలు చూడాల్సింది ప్లస్, మైనస్. నింటెండో వాళ్ల జపాన్ గేమ్ సెట్టు ఫ్యామికామ్‌కి మధ్య పిన్ను మైనస్. దాన్ని చూసి చేసిన మన మార్కెట్ సెట్లలో రెండు రకాలూ ఉన్నాయి. అడుగున బొమ్మ గీసి ఉంటే దాని ప్రకారం పోండి. లేకపోతే మూత విప్పి మల్టీమీటర్‌ని బీప్‌లో పెట్టండి. ఒక ప్రోబ్ 7805 మధ్య కాలి మీద, రెండోది అడాప్టర్ సాకెట్ పిన్నుల మీద పెట్టి చూడండి. బీప్ వచ్చిందే మైనస్. సాకెట్ పక్కనే నాలుగు డయోడ్లు ఉండి, ఏ పిన్నుకీ బీప్ రాకపోతే ఎటు పెట్టినా ఫర్వాలేదు.

కరెంటు ఇచ్చాక 7805 మూడో కాలి దగ్గర 4.75కీ 5.25కీ మధ్య వోల్టేజీ ఉండాలి. అది సరిగ్గా ఉంటేనే క్యాసెట్ పెట్టండి.

డబ్బా టీవీ: టీవీ సంగతి నేను చెప్తాను. ఆ చిన్న రంధ్రానికి 3.5 ఎంఎం పిన్ను నుంచి మూడు ఆర్‌సీఏలకు, అంటే మీరన్న మూడు రంగుల సాకెట్లకు, విడిపోయే కేబుల్ కావాలి. పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉన్నదే తీసుకోండి. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీ ఒక్కో వరసలో వైర్లు కలుపుతుంది. పసుపులో బొమ్మ రాకపోతే సెట్టు వీడియో వైరుని ఎరుపుకీ, తెలుపుకీ మార్చి చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ని ఆటో, పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చి చూడండి. సెట్టుకి AV అవుట్ లేక యాంటెన్నా వైరే ఉంటే, గేమ్ ఆన్‌లో ఉంచి టీవీలో అనలాగ్ చానెళ్ల వెతుకులాట నడపండి.

చవక ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బాలు కొనొద్దు. ఈ గేమ్‌లు ఫ్రేముకి సగం గీతలే పంపుతాయి. ఆ డబ్బాలు వాటిని మామూలు టీవీ ప్రసారం అనుకుని జత చేస్తాయి. దాంతో మారియో అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి, బటన్ నొక్కాక దూకడానికి ఆలస్యమవుతుంది. డబ్బు పెట్టగలిగితే రెట్రోటింక్ 2ఎక్స్ లాంటి పాత గేమ్‌ల కన్వర్టర్ ఈ సిగ్నల్‌ని సరిగ్గా పట్టుకుంటుంది.

తొమ్మిది పిన్నులు: థాంక్సండి. 5.02 వోల్టులు చూపిస్తోంది. వీడియో ఎరుపు పిన్నులో వచ్చింది! కానీ తెర ఒకటే రంగులో ఉంది. ఒక్కో క్యాసెట్‌కి చెత్త గళ్లు వస్తున్నాయి. ఊదితే కాసేపు పనిచేస్తోంది. రెండో జాయ్‌స్టిక్‌లో బీ బటన్ పడటం లేదు.

సోల్డరింగ్ ఐరన్: ఊదడం ఆపేయండి. నోటి తడి రాగి మీద పడి ఆకుపచ్చ చిలుము పడుతుంది. ఊదినప్పుడు పనిచేసేది గాలి వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు రాసుకోవడం వల్ల.

క్యాసెట్ అంచుకి ముందు 30, వెనక 30 పిన్నులు. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి, పిన్నుల పొడవునా, అంటే పైనుంచి కిందికి తుడవండి. అడ్డంగా తుడిస్తే మురికి పిన్నుల మధ్య చేరుతుంది. బడ్ నల్లబడటం ఆగేదాకా మార్చుతూ ఉండండి. మొండి మరక ఉంటే తెల్ల ఎరేజర్‌తో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ ఆల్కహాల్ పెట్టండి. గరుకు కాగితం వద్దు, పూత పోతుంది. స్లాట్ లోపలికి పాత ఏటీఎం కార్డుకి నూలు గుడ్డ చుట్టి, కాస్త తడిపి పది పదిహేనుసార్లు దించి తీయండి. కార్డు బిగుతుగా దూరితే బలవంతం చేయకండి, అట్టముక్క వాడండి. అరగంట ఆరనివ్వాలి.

అన్ని క్యాసెట్లూ ఆడకపోతే స్లాట్ తప్పు, ఒక్కటే ఆడకపోతే ఆ క్యాసెట్ తప్పు. అందులో చిప్ బదులు నల్ల జిగురు బొట్టు ఉండి, శుభ్రం చేసినా రాకపోతే దాన్ని వదిలేయండి, ఆ బొట్టు కింద బాగుచేయడానికి వీలుండదు.

జాయ్‌స్టిక్‌లో ఒక్క బటనే పోతే వైరు బాగానే ఉన్నట్టు. లోపల ఐదే వైర్లు, అన్ని బటన్లకీ అవే. ఒకటి తెగితే మొత్తం జాయ్‌స్టిక్ పోతుంది. మీరు రబ్బరు పొర ఎత్తి, బోర్డు మీద ఆ బటన్ చోటు ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు కింది నల్ల చుక్కని మాత్రం పొడిగుడ్డతో ఒకసారి అద్దితే చాలు. ఇంకోమాట, సెగా జాయ్‌స్టిక్‌కీ 9 పిన్నులే ఉంటాయి, దీనికి పెట్టకండి, వైరింగ్ వేరు.

తొమ్మిది పిన్నులు: కాంట్రా, ట్యాంక్ రెండూ ఆడుతున్నాయి! బాతుల గేమ్‌లో మాత్రం గన్ ఒక్కదాన్నీ కొట్టడం లేదు.

డబ్బా టీవీ: గన్ బాగానే ఉండి ఉంటుంది, టీవీయే కుదరదు. ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ తెరని ఒక్క క్షణం నల్లగా చేసి, బాతు ఉన్నచోట తెల్ల గడి చూపిస్తుంది. ఆ క్షణంలోనే గన్‌కి వెలుగు కనబడాలి. ఎల్‌ఈడీ టీవీ ఆ ఫ్రేముని ఆలస్యంగా చూపిస్తుంది, పైగా పాత పిక్చర్ ట్యూబులా గీతగీతగా మెరవదు. పిక్చర్ ట్యూబు టీవీ ఉంటే తప్ప దారి లేదు. ఉంటే దాని వెనక మూత మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

సీడీల పెట్టె: సీడీల విషయంలో ఆలస్యం చేయకండి, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో ఉన్నవాళ్లు. సీడీలో డేటా పొర లేబుల్ కిందే ఉంటుంది. కాబట్టి కింది గీతల కన్నా లేబుల్ వైపు గీతలే ప్రమాదం. వెలుగుకి ఎత్తి పట్టుకోండి, సూది బెజ్జాల్లాంటివి కనబడితే ఆ సీడీని ముందు కాపీ చేయండి. తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకి తిన్నగా, గుండ్రంగా కాదు.

ఫైళ్లు లాగి పెట్టుకోవడం కాదు, మొత్తం డిస్క్ ఇమేజ్ (సీడీకి ఉన్నదున్నట్టు నకలు) తీయండి. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్, వేగం బాగా తగ్గించి. పాటల ట్రాకులున్న గేమ్ సీడీ అయితే ఐఎస్ఓ ఫైలు కాదు, బిన్, క్యూ ఫైళ్ల జత కావాలి, లేకపోతే సంగీతం పోతుంది. చదవలేక ఆగిపోయేవాటికి లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి. ఎక్కడెక్కడ చదవలేదో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. అదే మ్యాప్‌తో వేరే డ్రైవ్‌లో నడిపితే మిగిలినవి మాత్రమే ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవ్ వదిలేసింది ఇంకోటి చదవడం మామూలే.

ఇప్పటి 64 బిట్ విండోస్‌లో పాత 16 బిట్ ఇన్‌స్టాలర్లు తెరుచుకోవు. డాస్ గేమ్‌లకు డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ చాలు. వేగం ఎక్కువైతే కంట్రోల్‌తో ఎఫ్11, తక్కువైతే ఎఫ్12. విండోస్ గేమ్‌లకు వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసే ప్రోగ్రామ్) 32 బిట్ విండోస్ ఎక్స్‌పీ పెట్టుకోండి.

పత్రికలు స్కాన్ చేసేటప్పుడు నడుమ పిన్నులు వెనక నుంచి తెరిచి తీయండి. 300 డీపీఐ, డీస్క్రీన్ ఆన్. అది లేకపోతే బొమ్మల మీద అలలు పడతాయి. అతుక్కున్న పేజీలను లాగొద్దు. గేమ్ మాన్యువల్ పేజీలు దొరికితే అవి కూడా స్కాన్ చేయండి. డాస్ ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో మొదటి లెవెల్ దాటాక ఏ అక్షరం ఉన్న సీసా తాగాలో మాన్యువల్‌లోనే ఉంటుంది.