పొత్తికడుపు నొప్పికి చేత్తో చేసే ఫిజియోథెరపీ: ఎవరైనా చేయించుకున్నారా?

ప్రశ్న: పొత్తికడుపు కింద నొప్పి మొదలై ఆరు నెలలు దాటింది. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. డాక్టర్ పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు) ఫిజియోథెరపీకి వెళ్లమన్నారు. యోని లోపల వేలు పెట్టి కండరాలు వదులు చేస్తారట. తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: నేను చేయించుకున్నానండి. మొదట అసలు ముట్టుకోలేదు. నొప్పి ఎప్పుడు వస్తుంది, మలబద్ధకం ఉందా, కలయికలో నొప్పి ఉందా అని అడిగారు. తర్వాత పొట్ట, తుంటి, తొడలు బయటి నుంచే నొక్కి చూశారు. లోపలి పరీక్ష నేను సరేనన్నాకే, గ్లౌజు వేసుకుని ఒక్క వేలితో చేశారు. బిగుసుకున్న చోట మెల్లగా నొక్కి పట్టి, ఊపిరి నిదానంగా వదలమనేవారు. అక్కడ నొక్కగానే అచ్చం నా పాత నొప్పే తుంటిలోకి పాకింది. ఇది నా ఊహ కాదని అప్పుడే ధైర్యం వచ్చింది. మీరు ఆపమంటే వెంటనే ఆపాలి, అది మీ హక్కు. తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు.

జవాబు 2: కెగెల్ వ్యాయామాలు (ఈ కండరాలను బిగించి వదిలేవి) సొంతంగా మొదలుపెట్టకండి. కండరాలు ముందే బిగుసుకుని ఉంటే నొప్పి పెరగొచ్చు.

ప్రశ్న అడిగినవారు: లోపలి పరీక్ష వద్దంటే?

జవాబు 1: బయటి చికిత్సతో, ఊపిరి వ్యాయామాలతో మొదలుపెడతారు. ఒక్క మాట, స్కానింగ్ బాగున్నా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉండొచ్చు, ఈ చికిత్సతో అది పోదు. గైనకాలజిస్టును అడగండి.