అప్‌డేట్: ఏది ముందు అయిపోతుందో తేలింది

56 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా చర్య జరిపి అమ్మోనియా ఇస్తే లిమిటింగ్ రియేజెంట్ (అంటే ముందు అయిపోయే పదార్థం) ఏదని ఇంతకుముందు అడిగాను కదా, మా తమ్ముడి ఇంటర్ లెక్క. చెప్పినవాళ్లందరికీ థాంక్స్. ద్వారకానగర్ ట్యూషన్ నుంచి బస్సులో వస్తూనే వాడు చేసేశాడు.

గ్రాములను అణుభారంతో భాగిస్తే మోల్స్ వస్తాయి: నైట్రోజన్‌వి 56/28 = 2, హైడ్రోజన్‌వి 10/2 = 5. సమీకరణంలో (N₂ + 3H₂ → 2NH₃) వాటి నిష్పత్తి 1:3 కాబట్టి 2ని 1తో, 5ని 3తో భాగిస్తే 2, 1.67. చిన్నది హైడ్రోజన్‌ది, ముందు అయిపోయేది అదే. గ్రాములు తక్కువని మాత్రం కాదు సుమా! హైడ్రోజన్ 14 గ్రాములుంటే నైట్రోజనే ముందు అయిపోతుంది. వాడి టెన్షనంతా ఇక్కడే.

అమ్మోనియా 56.7 గ్రాములు, మిగిలే నైట్రోజన్ 9.3. కూడితే 66, మొదట వేసిందీ అంతే. నాకైతే ఈ సరిచూసుకోవడమే బాగా నచ్చింది. ఇక మొలారిటీ (ద్రావణం గాఢత) లెక్కలున్నాయి, మళ్లీ వస్తాం.