యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్ సాయంత్రం 5కే మూసేయడం న్యాయమేనా?

కిన్నెర_రిసెర్చ్:
నమస్తే. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. హాస్టల్లో ఉంటాను, సొంత కంప్యూటర్ లేదు. మా క్యాంపస్‌లో అన్ని శాఖల వాళ్ళూ వాడుకోవచ్చని బోర్డు పెట్టిన ల్యాబ్ ఒకటే ఉంది. పదింటికి తెరిచి ఐదింటికి తాళం వేస్తారు. ఎం.ఏ. పిల్లలకి నాలుగున్నర దాకా క్లాసులే. ఆ తర్వాత పరుగెత్తుకుంటూ వెళ్తే "సిస్టమ్స్ ఆపేస్తున్నాం, రేపు రండి" అంటారు. రాత్రి 9 దాకా తెరిచి ఉంచమని అర్జీ ఇచ్చాం, ఉలుకూ పలుకూ లేదు.

ఫోన్ ఉంది కదా అంటారు. ఫోన్లో వ్యాసం చదవొచ్చు, ఫీజు కట్టొచ్చు. మూడొందల పేజీల సిద్ధాంత గ్రంథాన్ని పాదసూచికలతో, గ్రంథసూచితో ఫోన్లో కూర్చడం కుదరదు. పైగా డిగ్రీ ప్రకటించే ముందు థీసిస్ సాఫ్ట్ కాపీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్ని నెట్‌లో కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థకి చేరాలని యూజీసీ 2016 నిబంధనల్లోనే వచ్చింది, 2022 నిబంధనల్లోనూ ఉంది. కంప్యూటర్ లేనిదే జరగని పని మాకు అప్పజెప్పి, కంప్యూటర్ గదికి తాళం వేస్తే ఎలా?

రాత్రిరైలు:
మా దగ్గరా ఇదే కథ. దసరా, సంక్రాంతి సెలవుల్లో అసలు తెరవరు. సబ్మిషన్లు మాత్రం సెలవులయ్యాక మొదటి సోమవారమే.

ల్యాబ్_రాజు:
మేడమ్, ఆ తాళంచెవి నాలాంటి వాడి జేబులో ఉంటుంది కాబట్టి చెప్తున్నా. నేను వేరే జిల్లాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఔట్‌సోర్సింగ్. అరవై సిస్టమ్స్‌కి నేనొక్కణ్ణే. యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి ఏళ్ళయింది. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి, సేవ్ చేసుకోని ఫైలు పోతే నా మీద అరుస్తారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. మా మెషీన్లు విండోస్ 11 తీసుకోవు. దానికి కావలసిన టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు, ప్రాసెసర్లు పాతవి. కొత్తవి కావాలని ఇండెంట్ పెడితే ఫండ్స్ లేవంటారు. ఈ మెషీన్లనే రాత్రి 9 దాకా నడిపితే ఉన్నవి కూడా పోతాయి. సమస్య టైమింగ్స్‌లో లేదు, మెషీన్లలో ఉంది.

వంశధార:
ల్యాబ్ గొడవ అంతా ఎందుకు? ప్రతి విద్యార్థికీ ల్యాప్‌టాప్ ఇచ్చేస్తే సరి. తమిళనాడు 2011లోనే ఉచిత ల్యాప్‌టాప్‌లు మొదలుపెట్టింది. మనకేం తక్కువ?

పెన్నాతీరం:
రాజు గారూ, ఆ పాత మెషీన్లలో విండోస్ బదులు లినక్స్ వేయండి. లైసెన్స్ ఖర్చు లేదు, అప్‌డేట్లు వస్తాయి. లిబ్రేఆఫీస్ అనే ఉచిత రాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనబడేది, చక్కగా వస్తుంది. ఇక్కడే స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తయారు చేశారు కదా.

ల్యాబ్_రాజు:
వేశానండీ, పది మెషీన్లలో ఉబుంటు అనే లినక్స్ వేశాను. వచ్చిన ప్రతివాళ్ళూ "పేజ్‌మేకర్ ఏది, అను ఫాంట్లు ఏవి" అని అడిగి వెళ్ళిపోయారు. ముఖ్యంగా తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళే. డీటీపీ షాపులు వాడే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు అవి.

కిన్నెర_రిసెర్చ్:
ఎందుకు అడుగుతారో కూడా చెప్పాలి. ల్యాబ్ దొరకక మేం చేత్తో రాసి డీటీపీ షాపుకి ఇస్తాం. అక్కడ యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికలో అను ఫాంట్లతో కొడతారు. పేజీకింత. ప్రూఫ్ దిద్దితే మళ్ళీ డబ్బు, గైడ్ గారు ఒక అధ్యాయం మార్చమంటే మళ్ళీ డబ్బు. నా ఫెలోషిప్‌లో ఎంత ఆ షాపుకే పోయిందో తలుచుకుంటే ఏడుపొస్తుంది. అచ్చు అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి వేరేచోట పెడితే తెలుగు రాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. థీసిస్‌లు ఆన్‌లైన్లో దాచే శోధగంగలో అలాంటి థీసిస్ పెట్టినా అందులో ఒక మాట వెతికి పట్టుకోలేం. మా సీనియర్లు ఏళ్ళ తరబడి ఊళ్ళు తిరిగి సేకరించిన జానపద గేయాలు అలా మూగగా పడున్నాయి. యూనికోడ్‌లో మేమే టైప్ చేసుకోవాలంటే నేర్చుకోవాలి, నేర్చుకోవాలంటే రోజూ రెండు గంటలు కీబోర్డు ముందు కూర్చోవాలి. అందుకే టైమింగ్స్ అడుగుతున్నాను.

వంశధార గారూ, ల్యాప్‌టాప్ ఇస్తే కాదంటానా? పాడైతే బాగుచేసేది ఎవరు? నేర్పేది ఎవరు?

వంశధార:
ముందు ఇవ్వనివ్వండి, రిపేరు సంగతి తర్వాత. 2020లో ఆన్‌లైన్ క్లాసులప్పుడు ఇంట్లో ఒకే ఫోన్, ముగ్గురం పిల్లలం. నాకు ఇంటర్నల్స్ పోయాయి. ఆ కడుపుమంట ల్యాబ్ టైమింగ్స్‌తో చల్లారదు.

శ్రవణ్_ఎంఏ:
నాకు చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే వీలూ ఉంది. మా ల్యాబ్‌లో యూఎస్‌బీ పోర్టులు బ్లాక్ చేశారు. ఇన్‌స్టాల్ చేయమంటే అడ్మిన్ పాస్‌వర్డ్ సార్ దగ్గరుంది, సార్ లీవులో ఉన్నారు అంటారు. మీరు అర్ధరాత్రి దాకా తెరిచినా ఆ గదిలో నేను చేయగలిగింది ఏమీ లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది.

ల్యాబ్_రాజు:
యూఎస్‌బీ ఎందుకు బ్లాక్ చేస్తామో తెలుసుకోండి. ఒక్క పెన్‌డ్రైవ్ వల్ల ల్యాబ్ మొత్తం షార్ట్‌కట్ వైరస్ అంటుకుని, ఆదివారం కూడా వచ్చి ఒక్కొక్కటీ ఫార్మాట్ చేశాను.

శ్రవణ్_ఎంఏ:
నేను పెన్‌డ్రైవ్ గురించి పట్టుబట్టడం లేదన్నా. ఒక్క మెషీన్లో ఇన్‌స్టాల్ చేసి పెట్టమంటున్నాను.

ల్యాబ్_రాజు:
ఒక్క మెషీన్‌కి పోర్టు తెరిస్తే అందరూ తెరవమంటారు.

కిన్నెర_రిసెర్చ్:
ఆయన పోర్టు అడగలేదండీ! ఒక సాఫ్ట్‌వేర్ అడిగారు, డబ్బు కూడా అక్కర్లేదు. చదువుకునే మనిషి ఏం అడిగినా మీకు వైరస్, దొంగతనం, రిపేరు తప్ప ఇంకేమీ కనిపించదా?

ల్యాబ్_రాజు:
కనిపించదు. ఎందుకంటే స్టాక్ రిజిస్టర్‌లో సంతకం నాది. నేను లేనప్పుడు ఎవరో సాయంత్రం ల్యాబ్ తెరిపించారు, రెండు ర్యామ్‌లు పోయాయి, నా జీతంలోంచి పట్టుకున్నారు. ఆ జీతం కూడా నెలల తరబడి రాదు, వచ్చినప్పుడు ఏజెన్సీ వాడు కోసుకోగా మిగిలింది వస్తుంది. ఐదు తర్వాత ఉండమనే వాళ్ళలో ఒక్కరు కూడా ఓటీ ఇస్తామని కాగితం మీద రాయలేదు. మీ చదువు మీద నాకు కోపం లేదు మేడమ్. నా పిల్లల ఫీజు కూడా ఆ జీతంలోంచే కట్టాలి.

శ్రవణ్ తమ్ముడూ, నీది నాకు సరిగ్గా అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది. మా ల్యాబ్‌లో రేపు ఒక మెషీన్లో ఎన్‌వీడీఏ పెడతాను. మీ ల్యాబ్ వాళ్ళకి నాతో ఫోన్లో మాట్లాడించు.

కిన్నెర_రిసెర్చ్:
మీ జీతం పట్టుకోవడం అన్యాయం. అది మా అర్జీలో కూడా రాస్తాం. కానీ ఇంకో మాట అడగాలి. మా ఇంజినీరింగ్ బ్లాక్‌లో ఇంకో ల్యాబ్ ఉంది, అది ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది. మేం వెళ్తే ఐడీ కార్డు చూసి వెనక్కి పంపుతారు. "తెలుగు వాళ్ళకి కంప్యూటర్‌తో ఏం పని" అని నా మొహం మీదే అన్నారు. అంటే అక్కడ సిబ్బందీ ఉన్నారు, కరెంటూ ఉంది. మాకే లేదు.

సీఎస్ఈ_మూడో_ఏడాది:
నేను ఇంజినీరింగే, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. ఇంతసేపూ చదివి ఊరుకున్నాను. ఆ ల్యాబ్ సిస్టమ్స్ మా ఫీజుతో కొన్నవి. ఏటా ల్యాబ్ ఫీజు వేరే కడతాం. మా నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. ప్రాక్టికల్స్ అప్పుడు మాకే ఒక సిస్టమ్‌కి ఇద్దరం కూర్చుంటున్నాం. అందరికీ తెరవండి అనడం తేలిక, మేం ఎక్కడికి పోవాలి?

కిన్నెర_రిసెర్చ్:
మీ నాన్నగారి అప్పు నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ అప్పే ఉంది. కానీ ఆ భవనం, ఆ నెట్ కనెక్షన్ యూనివర్సిటీవి. ఫీజు కట్టినవాడికే కంప్యూటర్ అంటే, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు తక్కువని చేరినవాళ్ళం ఎక్కడికి పోవాలి?

వంశధార:
అందుకే ల్యాప్‌టాప్...

ల్యాబ్_రాజు:
నా మాట ఇది. రిజిస్ట్రార్ సంతకంతో ఆర్డరు, ఐదు తర్వాత డ్యూటీకి ఇంకో మనిషి, పోయిన సామానుకి జీతంలో కోత ఉండదన్న ఒక వాక్యం. ఈ మూడూ మీ అర్జీలో రాయండి, నేను కూడా మా దగ్గర అదే అర్జీ పెడతాను. తొమ్మిది దాకా నేనే కూర్చుంటాను.

కిన్నెర_రిసెర్చ్:
రాస్తున్నాను. ఇంజినీరింగ్ ల్యాబ్ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అన్ని శాఖలకీ తెరవాలన్నది నాలుగోది.

సీఎస్ఈ_మూడో_ఏడాది:
మొదటి మూడింటికీ నా సంతకం కూడా పెట్టుకోండి అక్కా. నాలుగోదానికి పెట్టను. మాకు సిస్టమ్‌కి ఒక్కరు కూర్చునే రోజు వచ్చాక అడగండి.