ధనుర్మాసంలో కచేరీ ముగిశాక రాత్రికి రాత్రే తిరుగు ప్రయాణం: చిన్న బృందాలు మానుకోవాలా?

బృంద నిర్వాహకుడు, తిరుపతి

మాది ఏడుగురితో నడిచే భక్తి, లలిత సంగీత బృందం. ఇద్దరు గాయకులు, కీబోర్డు, తబలా, వేణువు, ప్యాడ్స్, మైకు సెట్టు చూసుకునే అబ్బాయి. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ అద్దెకు తీసుకుని, వెనక వరుసలో స్పీకర్లు, మిక్సరు సర్దుకుని తిరుగుతాం. కార్తీక పౌర్ణమి నుంచి సంక్రాంతి వరకు ఏ కార్యక్రమానికి వెళ్లినా ఆ రాత్రి అక్కడే ఆగాలని, బస ఇవ్వని చోటికి ఒప్పుకోకూడదని మాలో కొందరు ఈ మధ్య గట్టిగా పట్టుబడుతున్నారు. మిగిలినవారు ససేమిరా అంటున్నారు. మా మధ్య తెగని ఈ విషయాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ఈ రంగంలో లేని మిత్రుల కోసం ఒక మాట చెప్పాలి. ధనుర్మాసం వచ్చిందంటే పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి రిసెప్షన్ కచేరీలు ఆగిపోతాయి. నవంబరు మధ్య నుంచి డిసెంబరు చివరి వారం దాకా అయ్యప్ప మండల దీక్షల పడిపూజలు, ఆ తరువాత నూతన సంవత్సర కార్యక్రమాలు, సంక్రాంతి సంబరాలు, మధ్యలో ఆలయాల ధనుర్మాస ఉత్సవాలు, ఇవే మాకు ఆధారం. అందువల్ల తిరుపతిలో కూర్చుంటే కుదరదు. ఒక రోజు పుంగనూరు, మరునాడు శ్రీకాళహస్తి, ఆపై కుప్పం, నగరి అన్నట్టుగా పాత చిత్తూరు జిల్లా అంతా ఆ రెండు నెలల్లో చుట్టి రావలసి వస్తుంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు లౌడ్ స్పీకర్లు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. సడలింపు లేని రోజున పదింటికి మంగళం పాడినా, కేబుళ్లు చుట్టి, స్పీకర్లు ఎక్కించి, భోంచేసి, సంభావన అందుకుని బండి కదిలేసరికి పదకొండున్నర దాటుతుంది. అక్కడి నుంచి ఇంటికి బయలుదేరడమా, ఆగడమా?

గాయని, చిత్తూరు

ఆగాలనే నా అభిప్రాయం. అయితే ఎక్కడ ఆగాలన్నది తేల్చకుండా ఆ మాట అనడం మగవారికి సులువు, మాకు కాదు.

బస ఇస్తామని ముందు ఒప్పుకున్న ఒక కమిటీ వారు, కార్యక్రమం అయ్యాక కల్యాణ మండపంలో పెళ్లికొడుకు గది తాళం దొరకలేదని చెప్పి, భోజనశాలలో జంపఖానా పరిచి చూపించారు. గడియ సరిగా పడని స్నానాల గది, తలుపు అవతల తెల్లవార్లూ పాత్రలు కడిగే చప్పుడు. ఆ రాత్రి మూడింటికైనా ఇల్లు చేరడమే నయమని నాకు, నాతో పాడే అమ్మాయికి అనిపించింది. కాబట్టి "బస" అని ఊరికే రాసుకుంటే చాలదు. స్త్రీలకు విడిగా, లోపల గడియ పడే గది అని స్పష్టంగా రాసి ఉంటేనే ఆ షరతుకు అర్థం ఉంటుంది.

గొంతు సంగతి కూడా ఉంది. రెండున్నర గంటలు పాడి, చెమటతో వేదిక దిగి, వెంటనే కిటికీలు సరిగా మూసుకోని బండిలో మదనపల్లె చలిగాలికి కూర్చుంటే మరునాటి మంద్రస్థాయి బొంగురుపోతుంది. వేడినీళ్లు, మిరియాల కషాయం, మెడకు శాలువా వంటి జాగ్రత్తలన్నీ తీసుకుంటాను. నిద్రకు మాత్రం ఇవేవీ బదులు కావు. వరుసగా మూడు రాత్రులు బండిలో కునుకు తీసి నాలుగో సాయంత్రం పాడిన పాటను రికార్డింగులో విన్నవారికి ఆ తేడా తెలుస్తుంది.

వాహన చోదకుడు, పలమనేరు

అయ్యా, అమ్మా, మీ వంటి బృందాలను చాలా కాలంగా తిప్పుతున్నాను గనుక దారి గురించి నాలుగు మాటలు.

అందరూ పొగమంచుకు భయపడి ఆగిపోదామంటారు. మన పడమటి మండలాల్లో పొగమంచు అర్ధరాత్రికి పట్టదు. వానలు తగ్గి, ఆకాశం తేటగా ఉండి, చెరువులు నిండుగా ఉన్న రోజుల్లో నేల చల్లబడేకొద్దీ అది మూడు, నాలుగు గంటల వేళ మొదలై సూర్యోదయం సమయానికి బాగా చిక్కబడి, ఎండ ఎక్కాక విడిపోతుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే పలమనేరు, మదనపల్లె 700 మీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి. అందుకే కింద ఏమీ కనబడని రోజున కూడా పైన దారి మూసుకుపోతుంది. ఇప్పుడు చెప్పండి. రాత్రి అక్కడే పడుకున్న బృందం ఏం చేస్తుంది? మరునాడు పొద్దున తిరుపతిలో పని ఉందని నాలుగున్నరకు నన్ను లేపి బండి తీయమంటుంది. పదకొండున్నరకు బయలుదేరి ఉంటే మంచు పట్టకముందే భాకరాపేట ఘాట్ దిగేసేవాళ్లం. ఆగితే ఎనిమిదింటి దాకా ఆగాలి. ఆగి నాలుగింటికి బయలుదేరడం రెండు విధాలా చెడ్డ పని.

ఘాట్లంటే గుర్తొచ్చింది. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో రాత్రిపూట లోయలో పడింది. అది చలికాలం కాదు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్న ఘోరం పట్టపగలే జరిగింది. మలుపులు, వేగం, బ్రేకులు, నిద్ర, ఈ నాలుగే ప్రాణాలు తీస్తాయి. మంచు వాటికి తోడు వస్తుంది, అంతే.

ఆ నిద్ర గురించి ఎవరూ అడగరు. సాయంత్రం మిమ్మల్ని దింపాక నన్ను బండి దగ్గరే కాపలా ఉంచుతారు, సామాను విలువైనది కదా. స్పీకర్ల మోతకు కన్ను మూతపడదు. పొద్దున ఆరింటి నుంచి మేలుకుని ఉన్నవాడి చేతికి అర్ధరాత్రి స్టీరింగు ఇస్తారు. రెండింటికీ, అయిదింటికీ మధ్య మనిషి శరీరం ఎంత అదిమిపెట్టినా నిద్రకే లాగుతుంది. టీ తాగితే పోయేది కాదది. 2025లో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చేదాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలకొకసారి అరగంట విరామం అని చెప్పేది. అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే అది వర్తించేది. సొంత బండి ఉన్న నావంటి వాడికి అది కాగితం మీది ముచ్చటే.

కీబోర్డు వాద్యకారుడు, శ్రీకాళహస్తి

చోదకుడు గారి మాటలతో ఏకీభవిస్తూనే, ఆగాలనే నియమాన్ని వ్యతిరేకిస్తున్నాను. బృందంలో ఎంతమందికి ఇదే జీవనాధారం? నేను పగలు ఒక ప్రైవేటు పాఠశాలలో సంగీతం చెబుతాను. మా తబలా ఆయనది బైరాగిపట్టెడలో సెల్‌ఫోన్ మరమ్మతుల దుకాణం. ఎనిమిదింటికి మదనపల్లెలో బయలుదేరితే నేను తిరుపతి చేరేసరికి పదకొండున్నర, శ్రీకాళహస్తి చేరేసరికి మధ్యాహ్నం. అంటే నాకు ఒక రోజు జీతం కోత, ఆయనకు ఒక రోజు దుకాణం మూత. ఆ నష్టాన్ని కచేరీ సొమ్ములోంచి తీసేస్తే చేతికి మిగిలేది బస్సు చార్జీ.

నియమం చేసేవారు సాధారణంగా పొద్దున పనికి పోనవసరం లేనివారై ఉంటారు. ఇది ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు గానీ, మా బృందంలో సరిగ్గా అలాగే జరిగింది.

మృదంగ వాద్యకారుడు, పుత్తూరు

మనుషుల గురించి పెద్దలు చెప్పారు. వాద్యాల గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆగే రాత్రి ఎక్కువగా దెబ్బతినేవి అవే.

ఆగినప్పుడు మనం గదిలోకి వెళతాం, వాద్యాలు బండిలోనే ఉండిపోతాయి. మంచు కురిసే రాత్రి బండి లోపలి గాలి బయటి గాలి అంత చల్లగా, తడిగా మారుతుంది. తోలు మూతలు తేమను పీల్చి సాగుతాయి, శ్రుతి దిగిపోతుంది. మరునాడు వార్లు బిగించి గుండ్రాయితో కొడుతూ శ్రుతి పైకి తెచ్చుకుంటాం. మధ్యాహ్నం ఎండకు అదే మూత బిర్రబిగిసి, పాత మూతైతే అంచు దగ్గర చీలిక వస్తుంది. హార్మోనియం మెట్లు ఉబ్బి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి.

ఇంకా చిక్కైనది వేణువు, తంత్రీవాద్యాల తగవు. చలికి గాలిలో ధ్వని వేగం తగ్గుతుంది కాబట్టి వేణువు శ్రుతి కిందికి పోతుంది. పది డిగ్రీలు తగ్గితే చల్లబడిన వేణువు అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు దిగుతుంది. ఊదగా ఊదగా ఊపిరి వెచ్చదనానికి కొంత కోలుకుంటుంది. లోహపు తంతులు చలికి కుదించుకుని బిగుసుకుంటాయి కాబట్టి వయొలిన్ శ్రుతి పైకి పోతుంది. ఒకటి దిగి, ఒకటి ఎక్కి, మధ్యలో కదలకుండా కూర్చున్న కీబోర్డు. హార్సిలీ హిల్స్‌లో ఆరుబయట వేదిక మీద వాయించినవారికి ఈ బాధ నేను వర్ణించనక్కరలేదు.

అందుచేత నా మాట ఇది. ఆగండి, కానీ వాద్యాలకు గదిలో చోటు ఉంటేనే ఆగండి. మూతల మీద దుప్పటి కప్పి పెట్టె మూసి, తెల్లవారాక వేదిక దగ్గర అరగంట ముందు తెరిచి గాలికి అలవాటు చేయాలి. అంతటి వసతి లేనప్పుడు అర్ధరాత్రే ఇంటికి తెచ్చుకోవడం వాటికి మేలు.

ఉత్సవ కమిటీ కార్యదర్శి, మదనపల్లె

అవతలి పక్షం కూడా వినాలని కోరుతున్నాను. మాది చందాలతో నడిచే కమిటీ. పడిపూజకు అన్నదానం, పూల అలంకరణ, పందిరి, ఆ తరువాతే సంగీతం. బడ్జెట్టు కార్తీకంలోనే ఖరారవుతుంది. ఏడుగురికి, చోదకుడికి కలిపి లాడ్జిలో మూడు గదులంటే, డిసెంబరు చివరి వారం ధరల్లో, మేమిచ్చే సంభావనలో చెప్పుకోదగ్గ వాటా అవుతుంది. ఈ షరతు పెడితే మేము చేసేది ఒక్కటే: మా ఊరి భజన బృందాన్ని పిలుచుకుంటాం. వారు నడిచి ఇంటికి పోతారు. తిరుపతి వారు బాగా పాడతారని తెలుసు, అయినా చందా ఇచ్చేవారికి లెక్క చెప్పవలసింది మేము.

గాయని గారు చెప్పిన మండపం సంగతి విని బాధ కలిగింది. మా ఊళ్లో అలా కాకుండా కమిటీ సభ్యుల ఇళ్లలోనే స్త్రీలకు బస ఇస్తాం, దానికి ఖర్చు లేదు. మగవారు మాత్రం సర్దుకోవాలి.

గాయని, చిత్తూరు

కార్యదర్శి గారూ, ఇంట్లో బస మంచిదే, కృతజ్ఞతలు. కాని రెండు గంటలు పాడి వచ్చాక ఆ ఇంటివారి పిల్లలకు మళ్లీ రెండు పాటలు పాడి వినిపించవలసి వస్తుంది. కాదంటే గర్వం అంటారు. ఈ మాట నవ్వుతూనే రాస్తున్నాను, అయినా నిజం.

బృంద నిర్వాహకుడు, తిరుపతి

అందరి మాటలూ చదివాక నాకు ఒకటి స్పష్టమైంది. మేము ప్రయాణించాలా, ఆగాలా అని వాదించుకుంటున్నాం గానీ, ఆ నిర్ణయం ధర ఎవరు చెల్లించాలన్న దగ్గరే అందరం వేరుపడుతున్నాం. ఇంతవరకు ఆ ధరను చోదకుడు నిద్రతో, గాయని గొంతుతో, శ్రీకాళహస్తి మిత్రుడు జీతంతో చెల్లిస్తూ వచ్చారు. అడ్వాన్సు కాగితంలో ఎక్కడా అది కనబడలేదు.

కాబట్టి "ఎప్పుడూ ఆగాలి" అనే నియమాన్ని వదిలేసి, ఈ డిసెంబరు నుంచి అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఇలా రాయించుకోవాలని మా బృందంలో ప్రతిపాదిస్తాను. చోదకుడికి కార్యక్రమం జరిగే సమయంలో వేదికకు దూరంగా పడుకునే గది, బండి కాపలాకు కమిటీ మనిషి ఉండాలి. ఇది ఉంటే, ఘాట్ దాటవలసిన చోట పన్నెండు లోపు బయలుదేరితే, తిరిగి వచ్చేస్తాం. పన్నెండు దాటితే ఆగుతాం, ఉదయం ఎనిమిదికి ముందు కదలం. ఆగినప్పుడు స్త్రీలకు లోపల గడియ ఉన్న గది, వాద్యాలకు కప్పు కింద చోటు కమిటీ బాధ్యత. కమిటీ ఆలస్యం వల్ల ఆగవలసి వస్తే మరునాటి పని పోయినవారికి కొంత పరిహారం ఇవ్వాలి.

తుపాను హెచ్చరిక ఉన్న రాత్రులకు ఈ లెక్కలేవీ వర్తించవు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వేళ ఈ తీరమంతా పడిన అవస్థ చూసినవారెవరూ అటువంటి రాత్రి బండి తీయమని అడగరు. కార్యక్రమం వాయిదా పడాలి, అడ్వాన్సు కొత్త తేదీకి జమ కావాలి.

ఉత్సవ కమిటీ కార్యదర్శి, మదనపల్లె

చోదకుడికి గది, కాపలా మనిషి, తుపాను వాయిదా, ఈ మూడింటికీ ఇప్పుడే సమ్మతం. వీటికి మాకు ఖర్చు లేదు, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కనుక ఇవ్వలేదు. పరిహారం సంగతి ఒప్పుకోలేను. పూజ ఆలస్యమైతే అది గురుస్వామి చేతిలో ఉంటుంది, కమిటీ చేతిలో కాదు. దానికి బదులుగా మీ కచేరీని పూజకు ముందే, సాయంత్రం ఆరున్నరకు పెట్టి తొమ్మిదికి ముగించే ఏర్పాటు చేయగలను. జనం తక్కువగా ఉంటారు, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

కీబోర్డు వాద్యకారుడు, శ్రీకాళహస్తి

తొమ్మిదికి ముగిస్తే పదిన్నరకు బయలుదేరి ఒంటిగంటన్నరకు తిరుపతి చేరుతాం, నేను రెండున్నరకు ఇంట్లో ఉంటాను. జనం తక్కువైనా నాకు అభ్యంతరం లేదు. గాయకులను అడగండి.

గాయని, చిత్తూరు

ఖాళీ కుర్చీల ముందు పాడటం నాకు అభ్యంతరమే. మొదటి గంట వాద్యకచేరీగా పెట్టి, జనం చేరాక పాటలు మొదలుపెడితే ఒప్పుకుంటాను. ముగింపు తొమ్మిదిన్నర చేయండి.

వాహన చోదకుడు, పలమనేరు

తొమ్మిదిన్నర అయినా నాకు సమ్మతమే. సామాను ఎక్కించడానికి కమిటీ కుర్రవాళ్లు ఇద్దరు సాయం వస్తే పదకొండుకు బండి కదులుతుంది. ఆ గదిలో ఫ్యాను లేకపోయినా పరవాలేదు, తలుపు మాత్రం స్పీకర్ల వైపు ఉండకూడదు.