వరద తర్వాత విజయవాడ సింగ్‌నగర్‌లో అద్దె కాపురాలు, సొంత ఇళ్లవారు: మీ అనుభవాలు రాయండి

వాంబే కాలనీ నివాసి:
2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక ఇళ్లలోకి వచ్చినప్పుడు మేడ ఉన్నవారు, శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చినవారా, ఎప్పటినుంచో ఉన్నవారా అని చూడకుండా అందరినీ పైకి రానిచ్చారు. తేడా నష్టం రాసేటప్పుడు వచ్చింది. మునిగిన కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించాక, అద్దెకున్నవారి పేరు రాయాలా, యజమాని పేరు రాయాలా అని మా వీధిలో మాటా మాటా పెరిగింది. మీ దగ్గర ఎలా సర్దుకున్నారు?

రాజరాజేశ్వరిపేట:
సామాన్లు ఎవరివో వారి పేరే రాయాలని నా అభిప్రాయం. లెక్క రాసేవారు వచ్చిన రోజున మా పక్క వాటాలోని ఒడిశా తాపీమేస్త్రి కుటుంబం ఊరెళ్లింది. ఎదురింటి పెద్దావిడ వాళ్ల తడిసిన పరుపు, బురద నిండిన మిక్సీ, పిల్లల పుస్తకాలు తన వసారాలో ఆరబెట్టి ఉంచి, "ఆ పిల్ల ఇవాళ లేదని పేరు కొట్టేయకండి బాబూ" అని పట్టుబట్టి రాయించారు. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున గుడిసె పోగొట్టుకుని వచ్చిన మనిషి ఆవిడ.

జక్కంపూడి:
అందరూ ఆవిడలా ఉండరండి. నది ఒడ్డు నుంచి ఖాళీ చేయించాక ఏళ్ల తరబడి ఇంటి కాగితం కోసం తిరిగినవారికి, కొత్తగా ఎవరు వచ్చినా తమ వంతు లాక్కుంటారనే భయం ఉంటుంది. మా బ్లాకులో ట్యాంకరు దగ్గర కొత్తవారి బిందెలు వెనక్కి నెట్టేవారు. తర్వాత బ్లాకు పెద్దలు గుమ్మానికి ఇన్ని బిందెలని కట్టడి పెట్టి, పాతవారినొకరిని, కొత్తవారినొకరిని అక్కడ నిలబెట్టారు. గొడవలు చాలావరకు తగ్గాయి.

గుంటూరు నుంచి:
నేను కొంతకాలం హైదరాబాద్ బాలాపూర్ దగ్గర పనిచేశాను. మయన్మార్ నుంచి శరణు కోరి వచ్చిన అక్కడి రోహింగ్యా కుటుంబాల పరిస్థితి ఇంతకంటే కష్టం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు కనుక, ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు చేతిలో ఉన్నా దానితో రేషన్ కార్డు రాదు. మన వలస కూలీలకు కనీసం ఆధార్, ఓటు ఉన్నాయి, వాటితో అడిగే హక్కు ఉంది. ఇరుగుపొరుగు దయ మీదే వదిలేయకుండా ఆ హక్కును వాడుకునేలా మనం తోడుండాలి.

వాంబే కాలనీ నివాసి:
అందరికీ ధన్యవాదాలు. కరెంటు బిల్లు యజమాని పేరునే ఉంటుంది కాబట్టి, మా వీధిలో అద్దెకున్న ప్రతి కుటుంబానికీ యజమాని సంతకంతో అద్దె కాగితం ఇప్పించాలని, అర్హుల జాబితాను వార్డు సచివాలయం గోడకు అంటించమని అడగాలని అనుకుంటున్నాం. యజమానులను ఒప్పించినవారు ఉంటే ఎలా ఒప్పించారో రాయండి.