బాత్‌రూమ్ కడ్డీ ఊగుతోంది, లావు స్క్రూలు వేస్తే ఆగుతుందా?

వేపచెట్టు: 78 ఏళ్ల పెద్దావిడ ఇంట్లో ఒక్కరే ఉంటారు. కమోడ్ పక్కన బిగించిన స్టీలు కడ్డీ రెండు నెలలకే ఊగుతోంది. టైల్స్ గోడ, వెనక ఇటుక. ఇంకా లావు స్క్రూలు వేయించాలా, లేక గోడకి అతుక్కునే వాక్యూమ్ కడ్డీ మేలా?

గోడపని: లావు కాదండీ, పొడవు చూడండి. టైలు, దాని వెనక సిమెంటు, ప్లాస్టరు కలిపితేనే 30 మి.మీ. దాటొచ్చు. 40 మి.మీ. స్క్రూ వేస్తే ఇటుకలోకి దిగేదెంత? మనిషి బరువంతా ప్లాస్టరే మోస్తోందన్నమాట. ఇటుకలో కనీసం 50 మి.మీ. దిగాలి. అంటే 80-90 మి.మీ. స్టెయిన్‌లెస్ స్క్రూ, అంత లోతుకీ వెళ్లే పొడుగు నైలాన్ ప్లగ్గు. పాత బెజ్జాలు వదులైపోయుంటాయి, పక్కకి జరిపి కొత్తవి వేయండి. టైలు దాటేదాకా డ్రిల్లులో హ్యామర్ మోడ్ (కొడుతూ తొలిచేది) ఆపి టైల్ బిట్ వాడాలి, లేదంటే పగులుతుంది. బెజ్జంలో దుమ్ము పూర్తిగా తీయందే ప్లగ్గు పట్టదు. మిస్త్రీలు ఎగ్గొట్టే పని సరిగ్గా ఇదే. డ్రిల్లు ఉన్నట్టుండి లోపలికి జారిందంటే బోలు ఇటుక; దానికి జాలీ గొట్టం, కెమికల్ యాంకర్ (బెజ్జంలో నింపితే గట్టిపడి బోల్టుని పట్టుకునే జిగురు) కావాలి.
వాక్యూమ్‌ది వద్దు. గాలి మెల్లగా చేరి, చెప్పకుండా ఊడుతుంది.

నిదానం: బిగించే ముందు ఆవిడని కమోడ్ మీద కూర్చోబెట్టి లేవమనండి. చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ సుద్దతో గీత పెట్టండి. అడ్డకడ్డీ మామూలుగా నేలనుంచి 85-90 సెం.మీ. ఎత్తులో వస్తుంది గానీ, కొలత కన్నా ఆ గీతే ముఖ్యం. కడ్డీకీ గోడకీ మధ్య 4 సెం.మీ. చాలు, మరీ ఎడం ఉంటే పట్టు జారినప్పుడు చెయ్యి సందులో ఇరుక్కుంటుంది.
తలుపు లోపలికి తెరుచుకుంటుందా? అయితే కడ్డీ కన్నా ముందు అది మార్పించండి. పడినవాళ్లు తలుపుకి అడ్డంగా ఉంటే బయటినుంచి తోయలేం. గడియ కూడా బయటినుంచి తీయగలిగేదే పెట్టండి.

వేపచెట్టు: లోపలికేనండీ. మరి తువ్వాళ్ల రాడ్డు?

గోడపని: తూలితే ముందు దొరికేది అదే, పట్టుకోగానే ఊడేదీ అదే. తీసేసి అక్కడా అసలు కడ్డీయే వేయించండి, తువ్వాలు దాని మీద ఆరేసుకుంటారు.